మూడు, నాలుగు క్లాసుల పిల్లల చేత కవితలు రాయించడం ఎలా? వైజాగ్ నుంచి ఒక రిటైర్డ్ మాష్టారి జవాబు

టీచర్ గారూ, మీరు అడిగింది ఇదీ కదా. మధురవాడ వైపు ప్రైవేట్ స్కూల్లో 3, 4, 5 క్లాసులకి తెలుగు చెప్తున్నారు, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవానికి పిల్లల సొంత కవితలతో గోడపత్రిక పెట్టాలని ప్రిన్సిపాల్ చెప్పారు, మీరేమో "అమ్మ మీద కవిత రాయండి" అన్నారు, సగం మంది యూట్యూబ్‌లోంచి ఎత్తుకొచ్చారు, మిగతా సగం మంది "అమ్మ అన్నం పెట్టింది" దగ్గర ఆగిపోయారు. ఛందస్సు చెప్పాలా, ప్రాసతో మొదలెట్టాలా, అసలు ఈ వయసుకి కవిత్వం ఎక్కువా అని మూడు డౌట్లు.

నేను ఎస్‌జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా చేసి రిటైరయినవాణ్ణి, ఉద్యోగమంతా ఈ ఊళ్ళోనూ చుట్టుపక్కలానూ ప్రైమరీ స్కూళ్ళలోనే గడిచింది, ఇప్పుడు కూడా ఎవరైనా పిలిస్తే వెళ్ళి పిల్లలతో ఒక పీరియడ్ కూర్చుంటాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మూడో డౌటు ముందే తీసి పక్కన పెట్టేయండి. ఈ వయసుకి కవిత్వం ఎక్కువ కాదు, ఇదే అసలు వయసు, హైస్కూల్‌కి వెళ్ళాక "ఆహా ఓహో" నేర్చేసుకుంటారు, అప్పుడు ఆ బూజు దులపడానికే ఏడాది పడుతుంది.

ఇక ప్రాస. ప్రాసతో మాత్రం మొదలెట్టకండి. చాలామంది టీచర్లు ఇంగ్లీష్ రైమ్స్ చూసి లైను చివర మాట కలిస్తేనే కవిత అనుకుంటారు. ఇంగ్లీషులో లైను చివర మాట కలపాలంటే పిల్లాడు వెతుక్కోవాలి. మన తెలుగులో వెతకక్కర్లేదు, క్రియ ఎలాగూ వాక్యం చివరే వస్తుంది, అన్ని క్రియలకీ తోకలు అవే. వచ్చింది, తెచ్చింది, పెట్టింది, కొట్టింది. ఏమీ ఆలోచించకుండానే ప్రాస పడిపోతుంది, పడిపోయింది కాబట్టి కవిత అయిపోయిందని పిల్లాడు పెన్సిల్ కింద పెట్టేస్తాడు. మూడో క్లాసు కుర్రాడొకడు ఇలా రాసిచ్చాడు:

అమ్మ అన్నం పెట్టింది
అక్క జుట్టు పట్టింది
నాన్న బొమ్మ తెచ్చింది

తెచ్చాడు అని రాస్తే కలవదు కదా మరి, ప్రాస కోసం నాన్న కాస్తా అమ్మ అయిపోయాడు. వాడి తప్పు కాదది, చివర కలపమని మనం చెప్పాం, వాడు కలిపాడు.

దీనికి నేను వాడే చిట్కా ఒకటుంది, చాలా తేలిక. రాసిన ప్రతి వాక్యంలోనూ చివరి మాట చెరిపేయమంటాను. "అమ్మ చేతికి పసుపు వాసన వస్తుంది" అని రాశారనుకోండి, వస్తుంది చెరిపేస్తే "అమ్మ చేతికి పసుపు వాసన" మిగులుతుంది. తెలుగులో క్రియ లేకపోయినా వాక్యం నిలబడుతుంది, ఇంట్లో మనం రోజూ అలాగే మాట్లాడుకుంటాం, మా ఇల్లు గాజువాక, రేపు సెలవు, బయట వాన. అన్ని వాక్యాలకీ ఇది పనిచెయ్యదు, కొన్ని చెరిపితే అర్థం పోతుంది, అప్పుడు మళ్ళీ రాసుకోమనండి. కానీ ఆ చెరిపి చూసే పనిలో పిల్లలకి ఒక సంగతి చెప్పకుండానే తెలిసిపోతుంది, ఏ మాట ఉండాలి ఏది అక్కర్లేదు అని. దీన్ని వివరించబోతే మాత్రం క్లాసంతా ఆవలిస్తారు.

ఇప్పుడు టాపిక్ సంగతి. "అమ్మ", "ప్రకృతి", "నా దేశం", "చెట్లు", ఇవి పిల్లలకి ఇవ్వకండి, ఇవి ఉపన్యాసాల టాపిక్కులు. అమ్మ అనగానే వాళ్ళకి గుర్తొచ్చేది వాళ్ళ అమ్మ కాదు, టీవీలోనూ స్కూల్ ఫంక్షన్లలోనూ విన్న అమ్మ, త్యాగమూర్తి, దేవత అలాంటివి. దాని బదులు ప్రశ్న అడగండి. అమ్మకి కోపం వచ్చిందని నీకెలా తెలుస్తుంది? ఒక పిల్ల వెంటనే అన్నది, "అమ్మకి కోపమొస్తే ముందు గిన్నెలకి తెలుస్తాది." అంతే, ఆ లైను బోర్డు మీద రాసేశాను, దాని కింద ఇంకో అక్షరం కూడా రాయలేదు. నాన్న ఇంటికొచ్చాడని చూడకుండా ఎలా చెప్తావు అని స్టీల్ ప్లాంట్ వైపు స్కూల్లో అడిగితే ఒకడు చెప్పాడు, నాన్నది బి షిఫ్ట్ అంట, వీడు నిద్రపోయాక వస్తాడంట, "టిఫిన్ బాక్స్ సింకులో పడ్డ చప్పుడు, మా నాన్న". యూట్యూబ్‌లో ఇది దొరకదు, ఎందుకంటే ఆ సింకు వాళ్ళింట్లోనే ఉంది. కాపీ కొట్టొద్దని వార్నింగులు ఇచ్చేకంటే కాపీకి దొరకని ప్రశ్న అడగడం మేలు.

మొదటి రెండు మూడు పీరియడ్లు అసలు రాయించకండి. ఇది నేను గట్టిగా చెప్తాను. ఇంగ్లీష్ మీడియం పిల్లలకి తెలుగు నోట్లో ఉంటుంది, చేతిలో ఉండదు. ఒత్తులు, దీర్ఘాలు, సున్నాలు, వీటితో కుస్తీ పట్టేసరికి చెప్పాలనుకున్న మాట కాస్తా మర్చిపోతారు, రాయగలిగిన మాటే రాస్తారు. గిన్నెల మాట చెప్పిన పిల్ల చేత రాయించి ఉంటే "అమ్మ మంచిది" అని రాసేది, ఎందుకంటే దానికి ఆ స్పెల్లింగే వచ్చు. కాబట్టి వాళ్ళు చెప్తారు, మీరు బోర్డు మీద రాస్తారు. వాళ్ళు అన్నది అన్నట్టు రాయండి, మధ్యలో బాగుచెయ్యకండి. తన నోటి మాట బోర్డెక్కడం చూశాక పిల్ల మొహం ఎలా ఉంటుందో మీరే చూస్తారు, వెనక బెంచీవాడు కూడా చెయ్యెత్తుతాడు.

ఏమి చెప్పించాలి అంటారా, చప్పుళ్ళతో మొదలెట్టండి. మన భాషలో చప్పుడు మాటలకి కొదవ లేదు, గలగల, జలజల, చిటపట, టపటప, గుసగుస, దబదబ, కరకర, చప్పుడే లేనివాటికి కూడా ఉన్నాయి, తళతళ, మిలమిల, బిరబిర. వరండాలో కూర్చోబెట్టి మూడు నిమిషాలు నోరు మూసుకుని వినమనండి. తర్వాత క్లాసుకొచ్చి ఏం విన్నారో చెప్పించండి. మొదట అందరూ కాకి కావుకావు, బస్సు పీంపీం అంటారు, అవి పుస్తకంలోవి, రాసుకోండి కానీ పొగడకండి. "ఇంకా?" అనండి. ఈ "ఇంకా" అనే మాటే మొత్తం పాఠం అనుకోండి. నాలుగోసారి ఇంకా అన్నాక అసలువి వస్తాయి, ఆయా చీపురు ఒక రకంగా వంటామె చీపురు ఇంకో రకంగా అంటుందని, గేటు మూసేప్పుడు ఏడుస్తుంది కానీ తీసేప్పుడు ఏడవదని. ఉన్న మాట చాలకపోతే కొత్త మాట కట్టుకోనివ్వండి. సముద్రం ఎలా అంటుంది అని అడిగితే పుస్తకం చదివినవాళ్ళు "ఘుమఘుమ" అన్నారు (అది సాంబారు వాసన రా నాయనా అన్నాను), బీచ్ దగ్గరుండే పిల్లాడు మాత్రం కాసేపు ఆలోచించి "దబ్... స్‌స్‌స్‌స్" అన్నాడు. కెరటం పడ్డం, నురగ వెనక్కి పోవడం, రెండూ వచ్చేశాయి అందులో.

జాలరి కుటుంబాల పిల్లలు మీ క్లాసులో ఉంటే మీ పంట పండినట్టే. కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు, చందువలు, వంజరం, ఈ పేర్లు వాళ్ళ నోట వినండి ఒకసారి, మనం ఏ అలంకారాలూ నేర్పక్కర్లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరపడవలకి వేట నిషేధం కదా, ఆ రోజుల గురించి ఒక పిల్ల చెప్పింది ఇది:

ఏట లేదు
మా అయ్య ఇంటికాడే ఉన్నాడు
వల కుడతన్నాడు
సముద్రం ఏటీ తెలీనట్టు ఒస్తంది, ఎల్తంది

ఇక్కడే మీకు ఒక గొడవ వస్తుంది, ముందే చెప్తున్నా. "ఏటి" ఏంటండీ, "ఎల్తంది" ఏంటండీ, గోడ మీద పెడితే పేరెంట్స్ ఏమనుకుంటారు, "ఏమీ తెలియనట్టు వస్తోంది, వెళ్తోంది" అని మార్చండి అంటారు స్టాఫ్ రూంలో. మార్చకండి. మార్చి చదివి చూడండి పైకి, ఆ పిల్ల గొంతు పోయి న్యూస్ రీడర్ గొంతు వస్తుంది. పైగా ఆగస్టు 29 ఎవరి పుట్టినరోజు? గిడుగు రామమూర్తి పంతులు గారిది, 1863లో మన శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టారు, జనం మాట్లాడే భాషలోనే చదువూ రాతా ఉండాలని జీవితమంతా కొట్లాడినాయన. ఆయన పేరు చెప్పి చేసే పండగ రోజున ఉత్తరాంధ్ర పిల్లల నోట్లోంచి ఉత్తరాంధ్ర మాట తీసెయ్యడం ఏం న్యాయం చెప్పండి. ప్రిన్సిపాల్ గారికి ఈ మాటే చెప్పండి, ఒప్పుకుంటారు. అక్షరదోషాలు వేరు, అవి ఫెయిర్ కాపీలో దిద్దండి, అది కూడా మొదటి కాపీ మీద ఎర్ర ఇంకు పడకుండా.

పొడుపు కథలు కూడా బాగా పనికొస్తాయి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే కళ్ళు అని పిల్లలకి తెలుసు. అలాంటివి నాలుగు చెప్పి, ఇప్పుడు మీరు కట్టండి, వస్తువు పేరు చెప్పకూడదు, అంతే రూలు అనండి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ గురించి నాలుగో క్లాసు వాడు కట్టాడు: "ఒకటే కన్ను, రాత్రంతా నిద్రపోదు, పడవలొస్తే కన్ను కొడతాది." క్లాసంతా పగలబడి నవ్వారు. నవ్వాక నేను అన్నాను, ఇప్పుడు దీనికి పైన "లైట్‌హౌస్" అని పేరు పెట్టేయండి, ఏమయింది? పొడుపు విప్పేసినా మాటలు బాగానే ఉన్నాయి కదా, అది కవిత. ఉపమానం, రూపకం ఈ పేర్లు ఆ వయసుకి అక్కర్లేదు.

ఏడు చేపల కథ తెలియని తెలుగు పిల్లలు ఉండరు, అదొక రెడీమేడ్ అచ్చు. చేపా చేపా ఎందుకు ఎండలేదు అని ఒకర్నొకరు అడుక్కుంటూ పోవడమే. దాన్ని మన ఊరికి తిప్పుకోమన్నాను, అయిదో క్లాసు వాళ్ళు గుంపుగా కూర్చుని చేశారు:

బస్సూ బస్సూ ఎందుకు లేటయ్యావు?
హనుమంతవాక దగ్గర జామయ్యింది
హనుమంతవాకా హనుమంతవాకా ఎందుకు జామయ్యావు?
లారీ అడ్డంగా ఆగింది
లారీ లారీ ఎందుకు ఆగావు?
డ్రైవరు టీకి దిగాడు
డ్రైవరన్నా డ్రైవరన్నా ఎందుకు దిగావు?
మూడు రాత్రుల నుంచి నిద్దర్లేదమ్మా

నవ్వుకుంటూ మొదలెట్టి చివరికొచ్చేసరికి వాళ్ళే చల్లబడిపోయారు. ఆ చివరి లైను ఎవరు చెప్పారో ఇప్పుడు గుర్తులేదు, నేను మాత్రం చెప్పలేదు. నలభై మంది క్లాసు అన్నారు కదా, మీకు ఇది బాగా కుదురుతుంది, ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్క లైను చెప్తే చాలు, ఎవరూ ఖాళీగా కూర్చోరు.

ఛందస్సు అడిగారు. గణాలు, యతులు హైస్కూల్లో ఎలాగూ చెప్తారు, ఇప్పుడు వద్దు. కానీ లయ మాత్రం కావాలి, అది చేతులతో నేర్పాలి. తకిట అంటే మూడు మాత్రలు, తకధిమి అంటే నాలుగు, పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికీ సున్నా ఉన్నదానికీ ఒత్తక్షరానికి ముందున్నదానికీ రెండు. పడవ, ఇసుక, వాన, ఎండ ఇవి తకిట. కెరటం, గవ్వలు, చేపలు, జల్లులు ఇవి తకధిమి. తకిట తకధిమి తకిట తకధిమి అని చప్పట్లు కొట్టిస్తూ మాటలు ఏరుకోమనండి.

పడవ కెరటం ఇసుక గవ్వలు
ఎండ గొడుగులు వాన జల్లులు
బీచి రోడ్డున మురీ మిక్చరు

మూడో లైను వచ్చాక ఇక ఆపలేం వాళ్ళని, వారం రోజులు కారిడార్లో అదే పాడతారు. మన విజయనగరం గురజాడ వారి ముత్యాల సరం అనే ఛందస్సు నడక కూడా ఈ తకిట తకధిమియే, ఆ సంగతి పిల్లలకి ఒక్క వాక్యంలో చెప్పండి చాలు, అంత పెద్దాయన నడకలో మేమూ నడిచాం అని మురిసిపోతారు. రెండు మాత్రలది గురువు, ఒక మాత్రది లఘువు అనే మాట వాళ్ళు అడిగితే చెప్పండి. అయిదో క్లాసులో ఒకరిద్దరు అడుగుతారు, సాధారణంగా లెక్కల్లో చురుగ్గా ఉండి తెలుగంటే మొహం చిట్లించే కుర్రాళ్ళు.

ఆ లెక్కల పిల్లల కోసమే ఇంకోటి, అక్షరాలు లెక్కపెట్టి రాసేవి. తెలుగులో అక్షరం లెక్కపెట్టడం తేలిక, ఒత్తు ఉన్నా గుణింతం ఉన్నా సున్నా తగిలినా ఒకటే. ఆచార్య ఎన్. గోపి గారు తెచ్చిన నానీలు ఉన్నాయి కదా, నాలుగు పాదాలు, మొత్తం 20 నుంచి 25 అక్షరాలు, అయిదో క్లాసు వాళ్ళు హాయిగా చెయ్యగలరు. మొదటి రెండు లైన్లలో ఒక సంగతి, తర్వాతి రెండింట్లో ఇంకో సంగతి అని చెప్పండి. అక్షరాలు ఎక్కువయితే ఏ మాట తియ్యాలా అని కొట్టుకుంటారు చూడండి, అక్కడే ఎడిటింగ్ నేర్చుకుంటారు. మూడో క్లాసుకి మాత్రం వద్దు, వాళ్ళు లెక్కలోనే పడి కవిత వదిలేస్తారు.

శతక పద్యాలు కంఠతా పెట్టించడం మానకండి, ఈ మధ్య అది పాత పద్ధతి అని కొందరు అంటున్నారు, నేను ఒప్పుకోను. చెవిలో నడక పడాలంటే అదే దారి. కాకపోతే ప్రతిసారీ భావం రాయమనకండి. దాని బదులు మకుటం ఆట ఆడించండి. ప్రతి పద్యం చివర ఒకే మకుటం ఎలా వస్తుందో చూపించి, నీ మకుటం ఏంటి రా అని అడగండి. ఒకడు "తెలిసిందేటి తాతా!" అని పెట్టుకుని ఏడాదంతా ప్రతి కవిత చివరా అదే తగిలించాడు. మిగతా లైన్లు ఎలా ఉన్నా అది వచ్చేసరికి అందరూ కలిసి అరిచేవాళ్ళు.

ఇంటి నుంచి తెప్పించే పని కూడా ఒకటి ఇవ్వండి, కానీ కవిత కాదు, ఒక్క వాక్యం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇంట్లో ఏమైందో అమ్మనో అమ్మమ్మనో అడిగి, వాళ్ళు అన్న మాట అన్నట్టు తెమ్మనండి. ఇప్పటి ప్రైమరీ పిల్లలు అప్పటికి పుట్టలేదు, అందుకే నోళ్ళు తెరుచుకుని వింటారు. "కిటికీ ఎగిరిపోయింది, నేను పూజగది తలుపు పట్టుకుని కూర్చున్నా" అని ఒకటి వచ్చింది. "పొద్దున్న లేచి చూస్తే మా వీధికి నీడ లేదు" అని ఇంకోటి. ఇలాంటివి పదిహేను ఇరవై వస్తే ఏది ముందు ఏది వెనక అని పిల్లల చేతే పేర్పించండి. పెద్దవాళ్ళు కూడా కవిత్వం మాట్లాడతారని పిల్లలకి అప్పుడు తెలుస్తుంది, పేరెంట్స్‌కీ మీ క్లాసులో ఏం జరుగుతోందో కొంచెం అర్థమవుతుంది.

బోర్డు మూల నిషేధం లిస్టు ఒకటి రాసి పెట్టండి. అందమైన, చక్కని, మధురమైన, ఆహా, ఓహో, మంచి. ఈ మాటలు వాడితే కవిత చెల్లదు అని రూలు. వాటర్ బాటిల్, హోంవర్క్, చార్జింగ్ లాంటి మాటలకి మాత్రం నిషేధం వద్దు, వాళ్ళ బతుకులో అవే ఉన్నాయి.

పోటీ పెట్టకండి. ఫస్ట్, సెకండ్, థర్డ్ అని పెట్టిన మరుక్షణం ఇళ్ళల్లో నాన్నలు రాయడం మొదలెడతారు, ఇప్పుడైతే నాన్నలు కూడా కష్టపడటం లేదు, ఫోన్‌లో అడిగితే నిమిషంలో పన్నెండు లైన్లు వచ్చేస్తున్నాయి, అందులో తప్పకుండా "వెలుగు", "ఆశ", "రెక్కలు" ఉంటాయి. క్లాసులోనే చెప్పించి క్లాసులోనే రాయిస్తే ఈ బాధ ఉండదు.

మీ గోడపత్రిక లెక్కకొస్తే, నలభై మందివీ నలభై కవితలు రావాలని పట్టుబట్టకండి. గుంపుగా చేసినవి రెండు మూడు పెద్ద అట్టల మీద, ఒక్క లైను వాళ్ళవి చిన్న చీటీల మీద పెట్టండి, ఒక్క లైనుకైనా పేరు మాత్రం తప్పకుండా ఉండాలి. చేతిరాత పిల్లలదే ఉండనివ్వండి, ఫ్లెక్సీ ప్రింటింగ్‌కి ఇవ్వకండి, ఎంత ముచ్చటేసినా. ఆ రోజు స్టేజి మీద చదివించేటప్పుడు చేతులు ఊపుతూ యాక్షన్ చెయ్యమని నేర్పకండి, ఇంట్లో మాట్లాడినట్టు చదివితే చాలు, మైకు దగ్గరికి జరగమనండి అంతే, చిన్నపిల్లల గొంతు వెనక వరసలకి వినపడదు.

మీ పిల్లలు రాసినవి రెండు మూడు పేర్లు తీసేసి ఇక్కడే పెట్టండి, "ఇంకా" అని ఎక్కడ అడగొచ్చో చూసి చెప్తాను.